పొగకుక్క

"నిప్పు లేనిదే పొగ రాదు" అని చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాం. స్కూల్లో మా తెలుగు టీచర్ దీన్ని పుకార్లకి ముడిపెట్టి చెప్పేవారు. ఎక్కడో ఏదో జరగకపోతే జనం అనుకోరు కదా అని అర్థం. నేను మాత్రం గత ఏడాది దసరా సెలవుల నుంచి ఈ సామెతని అక్షరాలా తీసుకోవడం మొదలుపెట్టాను. సోఫా దూదిలోనో, పాత వైరులోనో, పరుపులోనో రగులుతున్న నిప్పు మన కంటికి కనపడే లోపే పొగ బయల్దేరిపోతుంది. ఆ పొగని రాత్రి రెండు గంటలకి మీ ఇంట్లో ఎవరు చూస్తారు?

ఇది చదువుతున్న మీలో హాస్టల్లో ఉన్నవాళ్లు ఒకసారి తలెత్తి కారిడార్ సీలింగ్ వైపు చూడండి. తెల్లగా, గుండ్రంగా, ఎర్ర లైటు అప్పుడప్పుడు మిణుకుమంటూ ఒక డబ్బా ఉంటుంది. దాన్ని సీసీ కెమెరా అనుకుని ఫస్టియర్‌లో దాని కింద నిలబడి ఫోన్ మాట్లాడటానికి భయపడినవాళ్లు నాకు తెలుసు. అది స్మోక్ డిటెక్టర్. అది తనంతట తాను అరవదు. పొగ వచ్చిందని కింద ఉన్న ప్యానెల్‌కి కబురు పంపుతుంది. ప్యానెల్ హూటర్ మోగిస్తుంది. ఇంటికి పెట్టుకునేది స్మోక్ అలారం. దానిలో ముక్కు, బుర్ర, గొంతు, బ్యాటరీ అన్నీ ఒకే డబ్బాలో ఉంటాయి. ప్యానెల్ అక్కర్లేదు, వైరింగ్ అక్కర్లేదు. ఈ తేడా తెలియకే చాలామంది "అవి పెద్ద బిల్డింగులకి రా, మనకెందుకు" అంటారు. మా నాన్న కూడా సరిగ్గా ఇదే మాట అన్నారు.

మాది తెనాలి. తొంభైల్లో కట్టిన స్లాబు ఇల్లు. ముందు గ్రిల్ వేసిన వరండా, తర్వాత హాలు, హాల్లోంచి రెండు బెడ్‌రూములు, వెనక వంటిల్లు, వంటింట్లోంచి పెరటి తలుపు. ఒక బెడ్‌రూములో అమ్మానాన్న, ఇంకోదాంట్లో నానమ్మ. నేను ఇంటికెళ్తే హాల్లో దివాన్ మీద పడుకుంటాను. ఇల్లంతా ఇంతే. ఎందుకు ఇంత వివరంగా చెప్తున్నానో తర్వాత తెలుస్తుంది.

నాన్న రెండేళ్ల కిందట ఎలక్ట్రిక్ స్కూటర్ కొన్నారు. బ్యాటరీ ఊడదీసి లోపలికి తెచ్చుకునే రకం. వరండాలో ప్లగ్ పాయింట్ లేదు కాబట్టి రోజూ రాత్రి అన్నం తిన్నాక బ్యాటరీని హాల్లో, మెయిన్ డోర్ పక్కన, చెప్పుల స్టాండుకి ఆనించి చార్జింగ్ పెడతారు. పొద్దున ఆరింటికి తీస్తారు. దివాన్ మీద పడుకుంటే ఆ చార్జర్ ఫ్యాన్ గుయ్యిమనే శబ్దం నాకు వినపడుతూ ఉంటుంది.

2022 ఏప్రిల్‌లో విజయవాడలో స్కూటర్ బ్యాటరీని పడకగదిలో చార్జింగ్ పెట్టి పడుకుంటే అది తెల్లవారుజామున పేలి, ఆ ఇంటాయన చనిపోయిన వార్త మీకు గుర్తుండే ఉంటుంది. మాకు విజయవాడ అంటే గంట ప్రయాణం కూడా లేదు. అదే ఏడాది సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో, కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో మొదలైన మంటల పొగ పైనున్న లాడ్జిలోకి ఎక్కి 8 మంది పోయారు. 2025 మే 18న హైదరాబాద్‌లో చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో, కింద నగల దుకాణాలు, పైన ఇల్లు ఉన్న పాత బిల్డింగులో పొద్దున్నే మంటలు లేచి ఒకే కుటుంబానికి చెందిన 17 మంది చనిపోయారు. అందులో చిన్నపిల్లలు కూడా ఉన్నారు. బయటికి రావడానికి ఇరుకు దారి ఒక్కటే. ఆ రోజు న్యూస్ చూస్తూ అమ్మ టీవీ ఆపేసింది. నాకు మాత్రం మా హాలు గుర్తొచ్చింది. తలుపు పక్కన బ్యాటరీ. తలుపుకి అవతల గ్రిల్. గ్రిల్‌కి తాళం.

అగ్ని ప్రమాదాల్లో చాలామందిని చంపేది మంట కాదు, పొగ. పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. మన రక్తంలో హిమోగ్లోబిన్ దాన్ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మరి మిగతా పొగకి వాసన ఉంటుంది కదా, దానికి మెలకువ రాదా అని అడిగింది మా అమ్మ. రాకపోవచ్చు. గాఢ నిద్రలో ఉన్నప్పుడు ముక్కుని నమ్మలేం. అప్పుడు కూడా చెవి ఎంతో కొంత డ్యూటీ చేస్తుంది. అందుకే పొగని శబ్దంగా మార్చే వస్తువు ఒకటి కావాల్సి వచ్చింది.

ఆ వస్తువు పుట్టుక కూడా సరదాగా ఉంటుంది. 1930లలో వాల్టర్ యేగర్ అనే స్విస్ శాస్త్రవేత్త విషవాయువుని పట్టే సెన్సర్ తయారు చేయబోయాడట. ఎంత ప్రయత్నించినా మీటరు కదల్లేదు. విసిగిపోయి సిగరెట్ వెలిగించాడు. మీటరు కదిలింది. మన ప్రాజెక్టుల్లో కోడ్ అడిగింది చేయకుండా ఇంకేదో చేస్తే బగ్ అంటాం. ఆయనది మాత్రం చరిత్రలో నిలిచిపోయింది.

ఇప్పుడు దొరికేవి ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి అయొనైజేషన్ రకం. ఇందులో అమెరీషియం-241 అనే రేడియోధార్మిక పదార్థం చిటికెలో వెయ్యో వంతు కూడా కాదు, అంత తక్కువ ఉంటుంది. అది వదిలే ఆల్ఫా కణాల వల్ల రెండు ప్లేట్ల మధ్య గాలిలో చిన్న కరెంటు పారుతూ ఉంటుంది. పొగ లోపలికి వస్తే ఆ కరెంటు తగ్గుతుంది, అలారం అరుస్తుంది. భగ్గున లేచే మంటల్ని ఇది త్వరగా పడుతుంది. రెండోది ఫోటోఎలక్ట్రిక్ రకం. లోపల నల్లటి గదిలో ఒక ఎల్‌ఈడీ, ఒక లైట్ సెన్సర్ ఉంటాయి, కానీ ఎదురెదురుగా ఉండవు. మామూలుగా అయితే సెన్సర్‌కి ఆ వెలుగు కనపడదు. పెంకుటింట్లో కంతలోంచి పడే ఎండ చూశారా? గాలిలో దుమ్ము ఉంటేనే ఆ ఎండ గీతలా కనపడుతుంది. ఇక్కడా అంతే. పొగ రేణువులు లోపలికి వస్తే వెలుగు వాటికి తగిలి చెదిరి సెన్సర్ మీద పడుతుంది. నిదానంగా రగిలే మంటల్ని, అంటే పరుపు, దూది, వైరు తొడుగులాంటివాటిని, ఇది ముందు పసిగడుతుంది. పోపు పొగకి అయినదానికీ కానిదానికీ అరవడం కూడా దీనికి తక్కువ. నేను ఫోటోఎలక్ట్రిక్ తీసుకున్నాను.

హ్యాకథాన్‌లో మా టీమ్‌కి వచ్చిన ప్రైజ్ మనీలో నా వాటా నాలుగు వేలు. దానికి తోడు అమ్మ పోపులపెట్టెలోంచి తీసి ఇచ్చిన ఐదు వందలు. మూడు అలారాలు వచ్చాయి. వైర్‌లెస్‌గా ఒకదానితో ఒకటి కలిసేవి. ఒకటి పొగ చూస్తే మూడూ అరుస్తాయి. పార్సిల్ విప్పుతుంటే నాన్న అడిగారు.

"ఏరా, అంత డబ్బు పెట్టి కొనేవాడివి గ్యాస్ లీకేజీకి పెట్టేది కొనొచ్చు కదా? ప్రమాదం అంటూ వస్తే సిలిండర్ దగ్గరే కదా వచ్చేది."

మంచి ప్రశ్నే. గ్యాస్ డిటెక్టర్ వేరు, స్మోక్ అలారం వేరు. వంట గ్యాస్ గాలి కంటే బరువు, కాబట్టి కిందికి దిగుతుంది. దాని డిటెక్టర్ నేలకి దగ్గరగా పెట్టాలి. వేడి పొగ పైకి లేస్తుంది. దీన్ని సీలింగ్‌కి పెట్టాలి. ఒకటి ఇంకోదాని పని చేయదు. నాన్నకి ఇది చెప్తే, "సరే, మరి మా నాన్న కట్టిన ఇల్లు, ముప్పై ఏళ్లుగా దీపం వెలుగుతూనే ఉంది, ఏమన్నా అయిందా?" అన్నారు. ప్రొడక్షన్‌లో ఇప్పటిదాకా క్రాష్ కాలేదు కాబట్టి బ్యాకప్ అక్కర్లేదు అనే సీనియర్‌కి ఏం చెప్తాం? పైగా ఆ ముప్పై ఏళ్లలో చెప్పుల స్టాండు పక్కన లిథియం బ్యాటరీ లేదు. అది మాత్రం పైకి అనలేదు. మాట ముదిరితే డ్రిల్లింగ్ మిషన్ ఇవ్వరు.

అప్పుడు గోడకి ఆనుకుని వత్తులు చేసుకుంటున్న నానమ్మ అడిగింది. "అసలేంట్రా అది?"

గట్టిగా, నెమ్మదిగా, చెవి దగ్గర చెప్పాను. పొగ వస్తే అరుస్తుంది నానమ్మా, నిద్రలో ఉన్నా లేపుతుంది అని. నానమ్మకి 78. పగలు మిషన్ పెట్టుకుంటే బాగానే వినపడుతుంది. రాత్రి దాన్ని తీసి డబ్బాలో పెట్టి పడుకుంటుంది.

"ఓహో, పొగకుక్కా!" అంది.

మేం నవ్వాం. తను నవ్వలేదు. అప్పుడు చెప్పింది. వాళ్ల పుట్టిల్లు రేపల్లె వైపు పల్లెటూరు. తాటాకు ఇళ్లు. ఎండాకాలం వచ్చిందంటే ఊరంతా పొయ్యిలోని నిప్పు మీదే ధ్యాస పెట్టేవాళ్లట, ఒక ఇల్లు అంటుకుంటే గాలివాటుకి వరస మొత్తం పోతుందని. తనకి ఎనిమిదేళ్లప్పుడు ఒక రాత్రి వీధిలో తిరిగే బక్క కుక్క ఒకటి వచ్చి వాళ్ల గుమ్మం ముందు ఒకటే మొరుగుడు. వాళ్ల నాన్న తిట్టుకుంటూ కర్ర తీసుకుని లేచాడు. లేచాక చూస్తే వెనక వైపు కప్పు అంటుకుని ఉంది. ఇల్లు పోయింది, వడ్ల బస్తాలు పోయాయి, దూడ పోయింది. మనుషులు ఆరుగురూ మిగిలారు. "ఆ తర్వాత మా అమ్మ ఆ కుక్కకి ముద్ద పెట్టకుండా తను తినేది కాదు" అంది నానమ్మ.

నాకు ఈ సంగతి అంతకు ముందు తెలియదు. నాన్నకి కూడా తెలియదు. నాన్న ఏమీ అనకుండా లోపలికెళ్లి డ్రిల్లింగ్ మిషన్ తెచ్చారు.

ఇక అసలు పని. ఎక్కడ పెట్టాలి? రూలు చెప్పడం తేలిక. ప్రతి పడకగదిలో ఒకటి, పడకగదుల బయట ఒకటి, మేడ ఉంటే ప్రతి అంతస్తులో ఒకటి. సీలింగ్ మీద అయితే మంచిది. గోడకి అయితే సీలింగ్ నుంచి 12 అంగుళాల లోపు. గోడ, సీలింగ్ కలిసే మూలలో వద్దు, అక్కడ గాలి కదలదు, పొగ ఆలస్యంగా చేరుతుంది. పొయ్యికి 10 అడుగుల దూరం ఉండాలి. వంటింట్లో పెట్టకూడదు. అక్కడికి పొగని కాకుండా వేడిని చూసే హీట్ అలారాలు వేరే ఉంటాయి.

ఈ రూళ్లు రాసినవాళ్ల ఇళ్లలో గది నడినెత్తిన ఉషా ఫ్యానో ఇంకో ఫ్యానో తిరగదు కాబోలు అనుకున్నాను మొదట. కానీ దానికీ రూలు ఉంది. ఫ్యాన్ రెక్క చివర నుంచి కనీసం 3 అడుగులు దూరం ఉండాలి. లేకపోతే ఫ్యాన్ గాలి పొగని అలారం దాకా రానివ్వదు. మా నానమ్మ గది 12 అడుగులు, 11 అడుగులు. ఫ్యాన్ 1200 మిల్లీమీటర్లది, అంటే మధ్య నుంచి రెక్క చివరికి దాదాపు 2 అడుగులు. దానికి 3 కలిపితే 5. పొడుగు వైపు గోడ మధ్య నుంచి 6 అడుగుల దూరంలో ఉంది. అంటే గోడకి, అలారానికి మధ్య మిగిలేది ఒక్క అడుగు. ఆ ఒక్క అడుగు లెక్క తేల్చడానికి నేను, నాన్న టేపు పట్టుకుని అరగంట కొట్లాడుకున్నాం. కంప్యూటర్ సైన్స్‌లో చేరాక నేను నాన్నతో కలిసి చేసిన మొదటి పని ఇదేనేమో.

స్లాబుకి రంధ్రం వేసేటప్పుడు ఒక్క జాగ్రత్త. మన ఇళ్లలో ఫ్యాన్ బాక్సు నుంచి స్విచ్‌బోర్డు గోడ దాకా పైపు స్లాబులోంచే వెళ్తుంది. ఆ గీత మీద డ్రిల్ పెట్టకూడదు. అనుమానం ఉంటే ఇంటికి వైరింగ్ చేసిన ఎలక్ట్రీషియన్‌ని ఒక మాట అడగండి. మా వీధిలో ఎలక్ట్రీషియన్ బాబాయ్ కింద నుంచే చూసి "ఆ గోడ వైపు పోవద్దు, ఈ పక్క వేసుకో" అని వేలు చూపించి వెళ్లిపోయారు. మెయిన్ ఆపి, కళ్లకి అద్దాలు పెట్టుకుని, 6 మిల్లీమీటర్ల బిట్‌తో రెండు రంధ్రాలు, వాటిలో ప్లాస్టిక్ ప్లగ్గులు, రెండు స్క్రూలు. పది నిమిషాల పని. సున్నం పొడి మాత్రం జుట్టులో రెండు రోజులు ఉంది.

హాల్లో ఒకటి, అమ్మానాన్నల గదిలో ఒకటి, నానమ్మ గదిలో ఒకటి. అన్నీ బిగించాక టెస్ట్ బటన్ నొక్కాలి. నేను దాన్ని మామూలుగా నొక్కి వదిలేయదలచుకోలేదు. ఇంట్లో ఎవరు ఏ గదిలో ఎలా నిద్రపోతారో అలాగే చూద్దాం అన్నాను. మధ్యాహ్నం నానమ్మ కునుకు తీసే టైమ్. మిషన్ డబ్బాలో ఉంది. తను గోడ వైపు తిరిగి పడుకుంది. హాల్లో బటన్ నొక్కాను.

మూడూ ఒకేసారి లేచాయి. వంటింట్లో అమ్మ చేతిలో గరిట జారిపోయింది. పక్కింటి ఆంటీ గోడ మీంచి తొంగి చూశారు. నాన్న చెవులు మూసుకున్నారు. ఈ అలారాల శబ్దం 10 అడుగుల దూరంలో 85 డెసిబెల్స్ ఉంటుంది, ఇల్లు అదిరిపోయింది.

నానమ్మ కదల్లేదు. అలారం తన నెత్తి మీదే ఉంది. ఊపిరికి చీర కొంగు పైకీ కిందికీ కదులుతోంది, అంతే. అమ్మ వెళ్లి భుజం మీద చెయ్యి వేస్తే వెంటనే కళ్లు తెరిచి, "ఏంటే, అందరూ ఇలా నిలబడ్డారు?" అంది.

ఆ సాయంత్రం కూర్చుని చదివాను. మామూలు స్మోక్ అలారాలు అరిచేది దాదాపు 3000 హెర్ట్జ్ దగ్గర. కీచుమనే శబ్దం. వయసుతో వచ్చే చెవుడులో ముందు పోయేది సరిగ్గా ఈ పై ఫ్రీక్వెన్సీలే. అంటే ఇంట్లో అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషికి, అందరికంటే ముందు లేవాల్సిన మనిషికి, ఈ శబ్దం అందరికంటే తక్కువ వినపడుతుంది. దీనికి జవాబుగా 520 హెర్ట్జ్ దగ్గర బొంగురుగా అరిచే అలారాలు ఉన్నాయి. వినికిడి తక్కువైనవాళ్ల పడకగదుల్లో ఇవే పెట్టాలని అమెరికా అగ్నిమాపక ప్రమాణం చెప్తుంది. దిండు కింద పెట్టే వైబ్రేటర్లు కూడా ఉన్నాయి. అవి నా ప్రైజ్ మనీకి అందలేదు.

మన బ్రాంచ్ బుద్ధి ఊరుకోదు కదా. నా దగ్గర ఈఎస్‌పీ32 బోర్డు, ఒక మైకు, పాత గేమ్ కంట్రోలర్‌లోంచి తీసిన వైబ్రేషన్ మోటర్ ఉన్నాయి. మా అలారం ఒక లయలో అరుస్తుంది. అర సెకను శబ్దం, అర సెకను నిశ్శబ్దం, ఇలా మూడుసార్లు, తర్వాత సెకనున్నర ఖాళీ. మళ్లీ మొదలు. ఆ లయని గుర్తు పట్టి మోటర్ తిప్పే కోడ్ రాశాను. కుక్కర్ విజిల్‌కి తిరగదు, పాలవాడి హారన్‌కి తిరగదు, అలారానికే తిరుగుతుంది. నానమ్మ దిండు కింద పెడితే "చెవిలో తుమ్మెద దూరినట్టుంది" అని లేచి కూర్చుంది. కానీ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. అది బ్రెడ్‌బోర్డు మీద చేసిన ప్రాజెక్టు. ఎవరూ పరీక్షించి ముద్ర వేసింది కాదు. ప్రాణం దాని మీద పెట్టకూడదు. మేము పెట్టలేదు కూడా.

మేము పెట్టుకున్నది అమ్మ చెయ్యి మీద. అలారం మోగితే అమ్మ ఏమీ ఆలోచించకుండా నేరుగా నానమ్మ గదికి వెళ్లి భుజం తట్టాలి. నాన్న తలుపు తీయాలి. నేను ఉంటే మెయిన్ ఆపి 101కి ఫోన్ చేయాలి, అదీ బయటికి వెళ్లాకే. నగలు, సర్టిఫికెట్లు, ఫోన్ చార్జర్, ఏదీ వెతకకూడదు. అందరం ఎదురుగా వేపచెట్టు కింద కలుసుకోవాలి. చెట్టు కిందికి వచ్చాక ఎవరూ మళ్లీ లోపలికి పోకూడదు. అలారం ఇచ్చేది కబురు మాత్రమే. ఆ కబురు అందాక ఏం చేయాలో ముందే అనుకోకపోతే, ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టే.

ఈ ప్లాన్ రిహార్సల్ చేస్తే ఇంకోటి బయటపడింది. గ్రిల్ తాళంచెవి నాన్న చొక్కా జేబులో ఉంటుంది. చొక్కా ఏ కొక్కేనికి ఉంటుందో నాన్నకే తెలియదు. పెరటి తలుపుకి కూడా దొంగల భయంతో లోపల తాళం. ఇనుప గ్రిల్స్, తాళాలు దొంగలు లోపలికి రాకుండా పెట్టుకుంటాం. అవే మనల్ని బయటికి పోనివ్వవు. ఇప్పుడు పెరటి తలుపుకి లోపల గడియే, తాళం లేదు. గ్రిల్ తాళంచెవి తలుపు పక్కన మేకుకి, కిటికీలోంచి చెయ్యి పెట్టినా అందనంత దూరంలో వేలాడుతుంది. ఇంకెక్కడా పెట్టకూడదని అమ్మ ఆర్డర్.

బ్యాటరీ సంగతి నేను ఎత్తలేదు. నానమ్మే ఎత్తింది. "కుక్కని గుమ్మంలో కట్టేసి నిప్పుని మంచం కింద పెట్టుకుంటారట్రా?" అని నాన్నని అడిగింది. నాన్న రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు. మూడో రోజు ఎలక్ట్రీషియన్ బాబాయ్ వచ్చి, బయట మేడమెట్ల కింద, తలుపులకీ కిటికీలకీ దూరంగా ఒక ప్లగ్ పాయింట్ పెట్టారు. ఇప్పుడు బ్యాటరీ అక్కడ చార్జ్ అవుతుంది, అదీ సాయంత్రం, అందరూ మెలకువగా ఉన్నప్పుడు.

బిగించడంతో అయిపోలేదు. అసలు కథ మెయింటెనెన్స్‌లో ఉంది. మొదటి శుక్రవారం అమ్మ సాంబ్రాణి పళ్లెం పట్టుకుని గదులన్నీ తిరుగుతూ హాల్లో సరిగ్గా అలారం కింద నిలబడింది. ఇక చూడండి. "దేవుడికి పొగ వేస్తే దీనికేం నొప్పి?" అని అమ్మ కోపం. మెషిన్ లర్నింగ్ క్లాసులో ప్రెసిషన్, రీకాల్ అని చదువుకున్నాం కదా. అలారానికి ఒక్క నిజమైన మంట కూడా తప్పిపోకూడదు, కాబట్టి కొన్ని సాంబ్రాణులకి అరుస్తుంది. అది దాని తప్పు కాదు. కానీ ఆ అరుపు భరించలేక మనం బ్యాటరీ పీకేస్తే రీకాల్ సున్నా అయిపోతుంది. డల్లస్‌లో ఉన్న మా పిన్ని కూతురు అక్క పోపు పెట్టినప్పుడల్లా ఒక చేత్తో గరిట, ఇంకో చేత్తో టవల్ ఊపుతూ ఉంటుందట. అక్కడ అద్దె ఇంటికి అలారం ఓనరే పెట్టించాలి. తన రూమ్‌మేట్ ఒకసారి దానికి ప్లాస్టిక్ కవర్ తొడిగితే తనే తీయించింది. అమెరికాలో ఇళ్లలో జరిగే అగ్ని ప్రమాదాల మరణాల్లో ప్రతి అయిదింటిలో దాదాపు మూడు, అలారం లేని ఇళ్లలోనో, ఉన్నా పని చేయని ఇళ్లలోనో జరుగుతున్నాయని అక్కడి ఎన్‌ఎఫ్‌పీఏ లెక్కలు చెప్తున్నాయి. ఉన్నా పని చేయని అనే మాటని దాటేయకండి. అందులో చాలా వరకు బ్యాటరీ పీకేసినవి, లేకపోతే బ్యాటరీ అయిపోయినవి.

పీకేయడం కాదు, హష్ బటన్ నొక్కాలి. కొన్ని నిమిషాలు గొంతు తగ్గించుకుని, తర్వాత దానంతట అదే మళ్లీ డ్యూటీ ఎక్కుతుంది. సాంబ్రాణి పళ్లెం ఇప్పుడు అలారం కింద ఆగకుండా పక్క నుంచి వెళ్తోంది. దేవుడి వైపు నుంచి కంప్లైంట్ ఏమీ రాలేదు.

మిగతావి చిన్న పనులే, కానీ మర్చిపోయేవి. నెలకోసారి టెస్ట్ బటన్. పండక్కి బూజు దులిపేటప్పుడు దీని మీద కూడా మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపాలి. చిన్న చిన్న పురుగులు లోపలి నల్ల గదిలోకి దూరితే పొగ అనుకుని అర్ధరాత్రి అరుస్తుంది. ఇంటికి రంగులు వేసేటప్పుడు కవర్ కట్టి, పని అయ్యాక గుర్తుపెట్టుకుని తీసేయాలి. దాని మీద రంగు పడకూడదు. మన హాస్టల్లో ఒకటి రెండు డిటెక్టర్లకి ఇప్పటికీ ప్లాస్టిక్ మూతలు అలాగే ఉన్నాయి, మీ ఫ్లోర్‌లో చూసి వార్డెన్ గారికి చెప్పండి. నిమిషానికోసారి "టిక్" మని పిట్టలా కూస్తుంటే అది మంట కాదు, బ్యాటరీ అయిపోతోందని చెప్పడం. ఆ కూత ఎక్కువగా తెల్లవారుజామున మూడింటికే మొదలవుతుంది. దయ్యం కాదు, రాత్రి చల్లదనానికి బ్యాటరీ వోల్టేజ్ ఇంకాస్త పడిపోతుంది, అంతే. అన్నిటికీ మించి, బ్యాటరీలు ఎన్ని మార్చినా లోపలి సెన్సర్‌కి ఆయుష్షు ఉంటుంది. వెనక వైపు తయారీ తేదీ చూసి, పదేళ్లకి డబ్బా మొత్తం మార్చేయాలి.

ఇప్పుడు ప్రతి నెలా ఒకటో తారీఖు సాయంత్రం ఇంటి నుంచి వీడియో కాల్ వస్తుంది. నాన్న కర్ర చివరతో బటన్ నొక్కుతారు. అమ్మ గరిట పక్కన పెట్టి నానమ్మ గదిలోకి వెళ్తుంది. నేను ఫోన్‌లో టైమర్ చూస్తుంటాను. మొదటి నెల వేపచెట్టు కిందికి చేరడానికి రెండు నిమిషాల పది సెకన్లు పట్టింది. నానమ్మ చెప్పులు వెతుక్కుంది. ఇప్పుడు చెప్పులు లేకుండా వచ్చేస్తోంది. పోయిన నెల ఒక నిమిషం ఐదు సెకన్లు. వీధిలో వాళ్లు ఇది చూసి నవ్వుతారు. ఇద్దరు మాత్రం నన్ను లింకు అడిగారు.

మా నాన్నకి బీరువా తలుపు లోపలి వైపు పెన్సిల్‌తో తేదీలు రాసే అలవాటు. గ్యాస్ సిలిండర్ ఎప్పుడు మార్చారు, ఇన్వర్టర్‌కి నీళ్లు ఎప్పుడు పోశారు, నా టీకాలు, చెల్లింపులు, అన్నీ అక్కడే. సంక్రాంతికి వెళ్లినప్పుడు చూశాను. అన్నిటి కింద కొత్త లైను ఒకటి ఉంది. "పొగకుక్కలు మార్చవలసినది: 2035." దాని పక్కనే నా పేరు.